ఇద్దరు నాయకుల్ని పోల్చడం ఎలా? టోపీ దగ్గర మొదలుపెట్టండి

డిగ్రీలో సెమినార్ కోసం ఇద్దరు నాయకుల్ని పోలుస్తూ పెద్ద చార్టు గీశాను. మధ్యలో గీత, ఎడమ పక్క ఒకాయన, కుడి పక్క ఇంకొకాయన. పుట్టిన ఊరు, చదువు, పదవి, సంస్కరణలు, మరణం అంటూ పద్నాలుగు వరసలు, పైగా రంగు స్కెచ్ పెన్నులతో. అంతా చదివి వినిపించాక మా సార్ ఒక్కటే అడిగారు: "సరే, అయితే ఏంటి?" నా దగ్గర జవాబు లేదు. అన్నీ నిజాలే రాశాను గానీ, పక్కపక్కన పేర్చానే తప్ప పోల్చలేదు.

ఆ ఇద్దరూ టర్కీ ముస్తఫా కెమాల్ అతాతుర్క్, ఇరాన్ రెజా షా. గ్రూప్స్ వ్యాసానికో పిల్లల ప్రాజెక్టుకో మీరూ ఇలాంటిది రాయాల్సి వస్తే, ఇప్పుడైతే నేను ఎలా చేస్తానో వీళ్ల మీదే చెప్తాను.

ముందు జంట సరిగ్గా కుదరాలి. లింకన్, కెన్నెడీల మీద వాట్సాప్‌లో తిరిగే పోలికలు చూసే ఉంటారు. ఒకాయన 1860లో గెలిచాడు, ఇంకొకాయన 1960లో, ఇద్దర్నీ కాల్చింది శుక్రవారమే. చదవడానికి భలేగా ఉంటుంది, తెలిసేది మాత్రం సున్నా. జంట అంటే ఇద్దరికీ ఒకేలాంటి చిక్కు ఎదురై ఉండాలి. మన ఇద్దరూ సైనికులే. ఇద్దరి దేశాల్లోనూ పాత రాజవంశం కూలిపోయే దశలో ఉంది, బయటి సైన్యాలు లోపలే తిష్ట వేశాయి, ఇద్దరూ ఒకే దశాబ్దంలో పైకొచ్చారు. పైగా ఒకరు ఇంకొకర్ని కళ్లారా చూశారు. 1934 వేసవిలో రెజా షా టర్కీ వెళ్లి వారాల తరబడి తిరిగొచ్చాడు. ఇంతకన్నా మంచి జంట దొరకడం కష్టం.

పేర్లు, తేదీల దగ్గర కాస్త జాగ్రత్త. "అతాతుర్క్" అనే ఇంటిపేరు ఆయనకి వచ్చిందే 1934లో, కాబట్టి 1921 సంగతి రాస్తూ అతాతుర్క్ అన్నారంటే చదివేవాళ్లకి అక్కడే అనుమానం వస్తుంది. 1925 చివరిదాకా రెజా షా కూడా షా కాదు, రెజా ఖాన్. పైగా టర్కీ మన ఇంగ్లీషు క్యాలెండర్‌లోకి మారింది 1926లో, ఇరాన్‌లో ఇప్పటికీ సొంత క్యాలెండరే నడుస్తోంది. అందుకని ఎక్కడ ఏ తేదీ దొరికినా, అది ఏ లెక్కలోదో చూసుకున్నాకే కాగితం మీద పెట్టండి.

ఆ తర్వాత రెండు జీవితచరిత్రలూ మొదటినుంచి చివరిదాకా రాసుకోకండి, నేను చేసిన తప్పు అదే. ఏదో ఒక్క ఏడాది తీసుకుని, ఆ ఏడాది ఇద్దరూ ఎక్కడున్నారో చూడండి. 1921 తీసుకుందాం. ఫిబ్రవరిలో రెజా ఖాన్ రష్యన్ పద్ధతిలో ఏర్పడిన తన కొసాక్ దళంతో ఖజ్వీన్ పట్టణం నుంచి బయల్దేరి తన సొంత రాజధాని టెహ్రాన్‌లోకే నడిచి పెద్దగా రక్తపాతం లేకుండా దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబర్లలో ముస్తఫా కెమాల్ అంకారా బయట సకర్యా నది దగ్గర గ్రీకు సైన్యాన్ని ఆపుతూ 22 రోజులు పోరాడాడు, వెనకాల 1920లో కూడిన పార్లమెంటు ఉంది. గెలిచొచ్చాక ఆ పార్లమెంటే ఆయనకి "గాజీ" (యుద్ధవీరుడు) బిరుదు ఇచ్చింది. ఒకరు కుట్రతో లోపలికొచ్చారు, ఇంకొకరు శత్రువుని ఆపి పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేలాంటి చట్టం తెచ్చినా జనం ఒకేలా తీసుకోకపోవడానికి సగం కారణం ఇక్కడే దొరుకుతుంది. నా పద్నాలుగు వరసల్లో ఈ ముక్క లేనే లేదు.

ఇప్పుడు వాళ్ల చేతికి ఏం వచ్చిందో చూడాలి. ఎవరు ఎక్కువ కట్టారు అని లెక్కపెట్టే ముందు, ఎవరికి ఎంత మిగిలి ఉందో తెలియాలి కదా. టర్కీకి ముందున్న ఒట్టోమన్ సామ్రాజ్యం ఎంత చితికిపోయినా, సైనిక పాఠశాలలు, ఉద్యోగస్వామ్యం, రైలు మార్గాలు అప్పటికే ఉన్నాయి. ముస్తఫా కెమాల్ ఆ పాఠశాలల్లోంచి వచ్చినవాడే. ఆయన పుట్టిన సలోనికా మాత్రం 1912లోనే గ్రీసు చేతికి పోయింది, అంటే సొంత ఊరు పోగొట్టుకున్నవాడు కొత్త దేశం కట్టాడు. రెజా ఖాన్ మాజందరాన్ కొండల్లోని అలాష్త్ అనే పల్లెలో పుట్టి, పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని, కుర్రాడిగానే రష్యన్ అధికారుల కింద ఉన్న కొసాక్ దళంలో చేరాడు. పేరుకి ఇరాన్ ఎవరి వలసా కాదు, కానీ 1907లోనే రష్యా, బ్రిటన్ దాన్ని ప్రభావ ప్రాంతాలుగా పంచేసుకున్నాయి, చమురు బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉంది. చెప్పుకోదగ్గ రైలు మార్గమే లేదు. అందుకే 1927లో మొదలై 1938లో పూర్తయిన 1,394 కిలోమీటర్ల ట్రాన్స్ ఇరానియన్ రైల్వేని చూసేటప్పుడు, విదేశీ అప్పు తీసుకోకుండా టీ, పంచదార మీద పన్నేసి కట్టారని కూడా చూడాలి. రోజుకి పది గ్లాసుల టీ తాగే జనం మీద టీ పన్ను అంటే ఆ రైలు ఖర్చు ఎవరి జేబులోంచి వచ్చిందో చెప్పక్కర్లేదు.

ఇక టోపీ. ఇద్దరూ చేసిన ఒకే ఒక్క పని తీసుకుని దాన్ని దగ్గరగా చూడండి, నా మటుకు నాకు ఇదే అన్నిటికన్నా పనికొచ్చింది. 1925 నవంబర్లో టర్కీలో అంచు లేని ఎర్ర ఫెజ్ టోపీ నిషేధించి అంచున్న యూరప్ టోపీ పెట్టుకోమన్నారు. తమాషా ఏంటంటే, ఆ ఫెజ్‌ని కూడా అప్పటికి దాదాపు వందేళ్ల కిందట సుల్తాన్ మహమూద్ తలపాగాలు తీయించి ఆధునికత పేరుతోనే పెట్టించాడు. ఇరాన్‌లో మొదట ముందువైపు మాత్రమే అంచున్న పహ్లవీ టోపీ (రెజా షా వంశం పేరే పెట్టారు) వచ్చింది, ఆయన టర్కీ నుంచి తిరిగొచ్చాక 1935లో చుట్టూ అంచున్న టోపీ వచ్చింది. అంచు ఉంటే నమాజులో నుదురు నేలకి ఆనదు. గొడవంతా అక్కడే. ఆ జులైలో ఇరాన్‌లోని మషద్ నగరంలో గోహర్‌షాద్ మసీదులో నిరసన తెలుపుతున్న జనం మీద కాల్పులు జరిపారు. టర్కీలోనూ టోపీ చట్టాన్ని ఎదిరించినవాళ్లని ఉరి తీశారు, ఆ సంగతి దాచేసి రాస్తే అది పోలిక కాదు, భజన అవుతుంది.

టోపీ నుంచి ఆడవాళ్ల ముసుగుకి రండి. 1936 జనవరిలో రెజా షా ముసుగు తీసేయాలని ఆజ్ఞ వేశాడు, వీధుల్లో పోలీసులు లాగి మరీ తీశారు. అతాతుర్క్ దేశమంతటికీ అలాంటి చట్టం తేలేదు, కొన్ని ఊళ్లలో స్థానికంగా నిషేధాలు పెట్టారు. కానీ 1934లోనే ఆడవాళ్లకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వచ్చింది. ఇరాన్‌లో అదే ఓటు 1963 దాకా రాలేదు. ఒకచోట ముసుగు తీయించారు, ఓటు ఇవ్వలేదు. "ఇద్దరూ స్త్రీలకు సంస్కరణలు తెచ్చారు" అని నా చార్టులో ఒకే గడిలో రాసేశాను చూశారా, ఆ గడిలో ఇంత తేడా దాక్కుని ఉంది.

లిపి గురించి కూడా రాయొచ్చు. 1928లో టర్కీ అరబిక్ అక్షరాలు వదిలి లాటిన్‌కి మారింది, ఇరాన్ మారలేదు. తాతగారు రాసిన ఉత్తరం మనవడు చదవలేని పరిస్థితి టర్కీలో ఒక్క తరంలో వచ్చేసింది.

పక్కన ఉన్నవాళ్లు ఏమయ్యారన్నది తప్పకుండా చూడండి. అతాతుర్క్ తర్వాత ఆయన సహచరుడు ఇనోను అధ్యక్షుడిగా వచ్చాడు, 1950లో ఎన్నికల్లో ఓడిపోయి పదవి దిగిపోయాడు కూడా. రెజా షాకి కుడిభుజంగా ఉన్న తైమూర్‌తాష్ 1933లో జైల్లో చనిపోయాడు. అలాగని అతాతుర్క్‌ని దేవుణ్ణి చేయకండి, 1926లో ఇజ్మీర్‌లో ఆయన్ని చంపడానికి జరిగిన కుట్ర కేసులో పాత సహచరులనే బోనెక్కించారు, 1937, 38లో టర్కీలోని దర్సిమ్ ప్రాంతంలో కుర్దుల మీద జరిగిన దాడి చాలా ఘోరం. ఆస్తుల సంగతి చూస్తే, అతాతుర్క్ తన పొలాల్ని 1937లో ప్రభుత్వానికి రాసిచ్చేశాడు, రెజా షా దేశంలోకెల్లా పెద్ద భూస్వామి అయ్యాడు.

ఇంకో మాట, మనిషి వల్ల జరిగిందేదో, దేశం ఉన్న చోటు వల్ల జరిగిందేదో వేరు చేయండి. అతాతుర్క్ 1938 నవంబర్ 10న, ప్రపంచ యుద్ధం రాకముందే పోయాడు. 1941 ఆగస్టులో బ్రిటన్, సోవియట్ సైన్యాలు ఇరాన్‌లోకి దిగాయి, కొన్ని వారాల్లో రెజా షా గద్దె దిగాల్సి వచ్చింది. మారిషస్ పంపించారు, 1944లో జొహన్నెస్‌బర్గ్‌లో చనిపోయాడు. ఆ రెండు దేశాలకీ కావలసింది చమురు, రష్యాకి సరుకు చేర్చే దారి. ఆ దారి ఏదో కాదు, టీ పన్నుతో ఆయన కట్టించిన రైలే.

మన ఊళ్లో ఏమైనా ఆనవాలు దొరుకుతుందేమో కూడా వెతకండి, ఈ జంటకి దొరుకుతుంది. 1924లో టర్కీ ఖలీఫా (ముస్లింల మతపెద్ద) పదవి రద్దు చేసి చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ని దేశం దాటించింది, ఆయనకి పెన్షన్ ఇచ్చింది మన నిజాం. 1931లో ఆయన కూతురు దుర్రు షెహ్వార్, అదే వంశపు నీలోఫర్ నిజాం కోడళ్లయ్యారు, ఆ తర్వాత హైదరాబాద్ వచ్చారు. పిల్లలకి జ్వరమొస్తే పరిగెత్తే నీలోఫర్ ఆసుపత్రికి ఆ పేరు ఈమెదే.

అంతా రాశాక ఎవరో ఒకరు "ఇంతకీ ఎవరు గొప్ప?" అంటారు. ఎవర్ని అడిగి చెప్పమంటారని తిరిగి అడగండి: 1935లో అంకారాలో ఓటేసిన టీచరమ్మనా, దర్సిమ్‌లో ఇల్లు కాలిపోయినవాడినా, మషద్‌లో కొడుకుని పోగొట్టుకున్న తల్లినా, లేక మొదటిసారి రైలెక్కి టెహ్రాన్ వెళ్లిన రైతునా?