కుక్కకి లీష్ (పట్టీకి తగిలించే తాడు) నడక నేర్పే ముందు జాగ్రత్తలు

- మెడకీ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. తల మీదుగా ఊడొస్తే వదులైనట్టే. బాగా లాగే కుక్కకి హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) నయం, గొంతు నొక్కుకోదు.
- లీష్ 4 నుంచి 6 అడుగులుంటే చాలు. సాగి ముడుచుకునే రకం వద్దు. లాగితే తాడు పెరుగుతుందని మనమే నేర్పినట్టవుతుంది. కొక్కెం ఒకసారి గట్టిగా లాగి చూడండి.
- లీష్‌ని చేతికి చుట్టుకోకండి. పిల్లి కనబడిందంటే వేళ్లు నలిగిపోతాయి.
- ఎండవేళ రోడ్డుకి చేతి వెనకవైపు 7 సెకన్లు ఆనించండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకీ అంతే.
- టీకాలు పూర్తికాని కుక్కపిల్లకి ఇంట్లోనే మొదలుపెట్టండి.
- జేబులో చిన్న చిన్న తిండి ముక్కలు.
- లీష్ చూడగానే గంతులేస్తోందా? తగిలించకండి. నాలుగు కాళ్లూ నేలకి ఆనేదాకా కదలకుండా నిలబడండి, ఎంతసేపైనా సరే. ఆ ఊపులో గుమ్మం దాటితే వీధి చివరిదాకా అదే మిమ్మల్ని లాక్కెళ్తుంది.