డీజిల్ ఇంజన్ రిపేరు: ప్రత్యేక పనిముట్లు ఎంతవరకు అవసరం?

ముందు బానెట్ ఎత్తి డీజిల్ నెట్టే పంపు ఏ రకమో చూడండి, పనిముట్ల లెక్క అక్కడే తేలుతుంది. పంపు నుంచి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇనుప పైపు వెళ్తుంటే అది పాత మెకానికల్ పద్ధతి. చాలా పనులు మామూలు స్పానర్లతోనే అయిపోతాయి. పైపులన్నీ ఒక లావుపాటి గొట్టం నుంచి బయల్దేరి, ప్రతి ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) నెత్తిన వైరింగ్ కనెక్టర్ ఉంటే అది కామన్ రైల్. దానికి స్కానర్ (ఇంజన్ కంప్యూటర్‌లోని రీడింగులు చూపే పరికరం) కావాలి.

ఆయిల్, ఫిల్టర్లు మార్చడం, ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలడం, ఫీలర్ గేజితో (సన్నటి సందును కొలిచే రేకులతో) ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుల దగ్గరి సందు, సరిచేయడం, వీటికి కొత్తగా ఏదీ కొననక్కర్లేదు. లైన్లో గాలి తీయడానికీ దాదాపు అంతే. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా చేతి ప్రైమర్ కొట్టి, డీజిల్ కారుతుండగానే స్క్రూ బిగించండి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ దగ్గరి పైపు నట్టును ఒక చుట్టు వదిలి, 10 సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టండి. డీజిల్ చిమ్మగానే బిగించేయాలి. ఈ నట్టు సాధారణంగా 17 లేదా 19 మి.మీ. మామూలు ఓపెన్ స్పానర్‌తో దాని మూలలు అరిగిపోతాయి. చీలిక ఉన్న రింగు స్పానర్ (ఫ్లేర్ నట్ స్పానర్) కొనండి, ఆ ఖర్చు దండగ కాదు.

కామన్ రైల్‌లో మాత్రం నట్టు వదిలి గాలి తీసే పని వద్దే వద్దు. ఇంజన్ నడుస్తుంటే అక్కడి ఒత్తిడి 1600 బార్ కూడా దాటొచ్చు. సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి సూదిపోటంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం అది. లీకు ఎక్కడుందో వేలితో తడమకండి, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

హెడ్ (సిలిండర్ల మీది మూత) విప్పేవాళ్లకు టార్క్ రెంచి (ఎంత బిగువో చూపే స్పానర్) తప్పనిసరి. చాలా ఇంజన్లలో బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, రెండు మూడు దఫాలుగా టార్క్‌తో, చివర 90 డిగ్రీల లాంటి కోణంతో బిగించాలి. అలా సాగిన బోల్టులు మళ్లీ పనికిరావు. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది: డీజిల్ హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య పెట్టేది) చాలావాటిలో ఒకే ఇంజన్‌కు రెండు మూడు మందాల్లో దొరుకుతుంది. పిస్టన్ బ్లాకు కంటే ఎంత పైకి వస్తుందో డయల్ గేజితో కొలిచి, దాన్నిబట్టి ఎంచుకోవాలి. గాస్కెట్ పలచనైతే పిస్టన్ వాల్వుల్ని తాకుతుంది. మందమైతే కంప్రెషన్ తగ్గి, చలిలో స్టార్ట్ కాదు.

కంప్రెషన్ చూడ్డానికి పెట్రోలు గేజి వాడొద్దు. డీజిల్‌లో 25–30 బార్ వస్తుంది, పెట్రోలు గేజి అంత తట్టుకోదు. డీజిల్ గేజిని సాధారణంగా హీటర్ ప్లగ్ (స్టార్టింగ్‌కు సిలిండర్‌ను వేడిచేసేది) రంధ్రంలో బిగిస్తారు. రీడింగ్ తక్కువొస్తే సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ చూసే పెట్రోలు అలవాటు ఇక్కడ ప్రమాదం. మంట గది చాలా చిన్నది కాబట్టి, ఆయిల్ కొంచెం ఎక్కువైనా పిస్టన్ కదలక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

హెడ్‌లో ఇరుక్కున్న ఇంజెక్టర్‌కు స్లైడ్ హ్యామర్ పుల్లర్ కావాలి, అద్దెకు తెచ్చుకుంటే చాలు. గడ్డపారతో లేపితే ఇంజెక్టరో హెడ్డో పోతుంది. పాత రాగి వాషర్ రంధ్రంలోనే ఉండిపోయిందేమో టార్చితో చూడండి. దానిమీద కొత్తది వేస్తే ఇంజెక్టర్ ఎత్తులో కూర్చుని, గ్యాస్ లీకవుతుంది. నాజిల్ టెస్టర్ (ఇంజెక్టర్ డీజిల్ చిమ్మే తీరు చూసేది) కొనడం దండగ, ఆ పరీక్ష పంపు వర్క్‌షాప్‌లో చేయించుకోండి.

టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు పెయింట్ గుర్తుల్ని నమ్ముకోకండి, మీ ఇంజన్‌కు సరిపడే లాకింగ్ పిన్నులు (షాఫ్టులు కదలకుండా పట్టేవి) తెచ్చుకోండి. ఒక పన్ను తప్పినా వాల్వులు వంగొచ్చు.

కామన్ రైల్ స్టార్ట్ కాకపోతే స్కానర్‌లో, సెల్ఫ్ కొడుతూ రైల్ ప్రెషర్ చూడండి. సుమారు 200–300 బార్ రాకపోతే చాలా ఇంజన్లు అంటుకోవు. సొలనాయిడ్ (విద్యుదయస్కాంతంతో పనిచేసే) ఇంజెక్టర్లయితే వాటి రిటర్న్ పైపులకు ఒక్కో చిన్న సీసా తగిలించండి. మిగతావాటికంటే త్వరగా నిండే సీసా ఏ ఇంజెక్టర్‌దో, లోపల అరిగింది అదే. దాన్ని మార్చాక కొత్తదాని మీది కోడ్‌ను, ఉంటే, స్కానర్‌తోనే ఈసీయూలోకి (ఇంజన్ కంప్యూటర్‌లోకి) ఎక్కించాలి. లేకపోతే ఐడిల్‌లో ఇంజన్ వణుకుతుంది, పొగ కూడా వదలొచ్చు.