కెనడాలో శిశువిద్య చదవదలచిన నెల్లూరు విద్యార్థులకు

కావలి నుంచో ఆత్మకూరు నుంచో కెనడా వెళ్లి శిశువిద్య డిప్లొమా చేయదలచినవారు, ఆ కాలేజీకి విదేశీ విద్యార్థులను చేర్చుకునే గుర్తింపు ఉందో లేదో అక్కడి ప్రభుత్వ జాబితాలో స్వయంగా చూసుకోవాలి. ఏజెంటు మాట చాలదు. 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసే డిప్లొమా విద్యార్థులకు, చదువయ్యాక వర్క్ పర్మిట్ రావాలంటే కోర్సు కూడా అర్హమైన కోర్సుల పట్టికలో ఉండాలి. అక్కడి ఒంటారియో రాష్ట్రంలో శిశువిద్య డిప్లొమా సాధారణంగా రెండేళ్ల చదువు.

పిల్లల కేంద్రాల్లో శిక్షణకు పంపేముందు టీకాల రుజువు, పోలీసు ధ్రువపత్రం అడుగుతారు. చిన్ననాటి టీకా కార్డు నీళ్లకు తడిసి తేదీలు చెరిగిపోయి ఉంటే, ఆ సంగతి ఇక్కడుండగానే డాక్టరుతో తేల్చుకోవడం మేలు.

ఫీజు కట్టకముందే, అనుమతి తీసుకుని, మీ ఊరి అంగన్‌వాడీలో వారంపాటు కూర్చోండి. మూడేళ్ల పిల్లవాడు గుడ్డు తిననని మొండికేసినప్పుడు మీకు విసుగు పుడుతుందో, ఓపిక పుడుతుందో అక్కడే తెలుస్తుంది.