ఫ్లోరైడ్ పరీక్ష పట్టుకుని ఊళ్లోకి వెళ్లే ముందు

మా మేనమామ మెడ తిప్పలేడు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఏళ్ల తరబడి తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వాళ్ల ఎముకలను పట్టేసింది. అందుకే సింథటిక్ బయాలజీ (జీవకణాల్లోని భాగాలతో కొత్త పనులు చేయించే శాస్త్రం) చదివే పిల్లలు, నీళ్లలో ఫ్లోరైడ్ ఉందో లేదో చెప్పే గొట్టం చేశామని వస్తే, వాళ్లతో ఊళ్లు తిరగడానికి వెంటనే ఒప్పుకున్నాను. ల్యాబ్ పని నాకు రాదు. ఇలాంటి పరీక్షతో బయల్దేరే టీములకు ఊళ్లో ఎలా మసలుకోవాలో మాత్రం చెప్పగలను.

మొదటిసారి గొట్టాలు తీసుకెళ్లకండి. ఉత్త చేతులతో వెళ్లి కూర్చోండి. సర్పంచ్ గారికి ముందే చెప్పండి, కానీ ఆయన పిలిచిన మీటింగుతో సరిపెట్టుకోవద్దు. అక్కడ మాట్లాడేది మగవాళ్లు, ఇంట్లో నీళ్లు మోసేది ఆడవాళ్లు. మహిళా సంఘం కూర్చునే రోజు కనుక్కుని వెళ్లండి. పత్తి ఏరే రోజుల్లో అయితే పొద్దు గూకే దాకా ఎవరూ దొరకరు. ఏ నీళ్లు తాగుతున్నారు, వంటకు ఏవి, పైపు పగిలితే ఎక్కడికి పోతారు అని అడగండి.

మేం ఇంటి నల్లాలు పరీక్షిద్దామని వెళ్లాం. ఒకామె, "ఇంట్లో భగీరథ నీళ్లే తాగుతున్నం బిడ్డా, పగలంతా చేను కాడ బోరు నీళ్లే గదా" అంది. అంతవరకూ చేను బోర్ల ఆలోచనే మాకు రాలేదు. ఇంకో పెద్దాయన గొట్టం మూత తీయబోయి, వేళ్లు వంగక వదిలేశాడు. అన్నాళ్లూ రంగు ముదురుగా రావాలని కష్టపడ్డ పిల్లలు ఆ వారం కూర్చుని మూతే మార్చారు. మీ డిజైన్ గట్టిపడకముందే ఊరికి వెళ్లమనేది ఇందుకే.

"ఇందులో పురుగులున్నయా?" అని తప్పకుండా అడుగుతారు. దాటవేయకండి. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు చేసి, కోస్టారికాలోనూ తర్వాత కెన్యాలోనూ వాడి చూసిన రకమే మాదీ. బ్యాక్టీరియాను చిదిమి దాని లోపలి సరంజామా తీసి, ఫ్లోరైడ్‌ను గుర్తుపట్టే డీఎన్ఏ కలిపి ఎండబెడతారు. నీళ్లు పోస్తే అది పనిచేయడం మొదలుపెడుతుంది, ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపు రంగు తేలుతుంది. అందులో బతికున్నదేదీ లేదు. ఇదంతా ఇంత తేలిక మాటల్లోనే చెప్పండి. బతికున్న బ్యాక్టీరియానే వాడే టీమైతే ఆ మాటా ఉన్నదున్నట్టు చెప్పాలి.

డబ్బెవరిదని కూడా అడుగుతారు. మన దేశంలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో), భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి ఢిల్లీలో నడిపిన దోమల పరిశోధన 1975లో ఆగిపోయింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, అసలు ఉద్దేశం ఏమిటి అన్న అనుమానాలు పార్లమెంటు దాకా వెళ్లాయి. అడగకముందే చెప్పేయడం మేలు.

ఇప్పుడు మేం చేసిన తప్పు. రెండో ఊళ్లో ఇంటింటి నీళ్లూ పోసిన గొట్టాలను పంచాయతీ అరుగు మీద వరసగా పెట్టి, ఇంటి పేర్లు కూడా రాశాం. రంగు తేలడానికి గంటలు పడుతుంది కాబట్టి జనం వచ్చిపోతూ చూశారు. సాయంత్రం ఒకావిడ నన్ను పక్కకు పిలిచింది. కూతురికి సంబంధం చూస్తున్నారట. "మా ఇంటి పేరు మీద పసుపు పచ్చగ పెట్టిండ్రు, రేపు పిల్లగానోళ్లకు తెలిస్తే?" అంది. ఫ్లోరైడ్ ఊరి పిల్లంటే వెనక్కి తగ్గే సంబంధాలు నేను మా ఇంట్లోనే చూశాను. చూసి కూడా ఆ రోజు నోరు మెదపలేదు. ఆ బాధ ఇంకా ఉంది. అప్పటి నుంచి గొట్టం మీద నంబరే ఉంటుంది. ఫలితం ఆ ఇంటివాళ్లకే, వాళ్లు కోరిన మనిషి ముందే చెప్తాం. ఫొటోలు తీయం. అందరికీ చెప్పాల్సిన బోరైతే ముందు ఊరివాళ్లనే అడుగుతాం.

పసుపు వచ్చాక ఏం చెప్తారో బయల్దేరకముందే రాసుకోండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. చాలామంది చేసేది మరిగించడమే కాబట్టి మొదట ఈ మాట చెప్పాలి. మన ప్రమాణాల్లో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. గొట్టం లెక్క చెప్పదు, రంగు మాత్రమే చూపిస్తుంది. అందుకని ఒక సీసా నీళ్లు ప్రభుత్వ ల్యాబ్‌కు పంపి, ఆ కాగితం మీరే తెచ్చివ్వండి. పసిపిల్లలున్న ఇంటికి ముందు వెళ్లండి. దంతాల మీద మరకలు పడేది పళ్లు తయారయ్యే వయసులోనే. మా మామలాంటి వాళ్లు "ఇది నయమైతదా?" అని అడుగుతారు. వంగిన ఎముక మళ్లీ తిన్నగా రాదు. కాదని చెప్పి, లేచిపోకుండా కాసేపు వాళ్ల పక్కనే కూర్చోండి.

తిరిగి వచ్చేటప్పుడు గొట్టాలు లెక్కపెట్టుకోండి. 40 తెస్తే 40 తిరిగి రావాలి. ఒకటి తగ్గినా మేం బండి ఎక్కం, ఆ పసుపు నీళ్లు పిల్లల చేతుల్లో పడితే ఆడుకుంటారు.