పాత రైల్వే సిగ్నల్ సామాను సేకరించడం ఎలా?

సింగిల్ లైన్ మీద రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండా మన దేశంలో ఎన్నో ఏళ్లు కాపాడింది గుప్పెట్లో పట్టే ఒక ఉక్కు బంతి. దాన్ని నీల్స్ బాల్ టోకెన్ అంటారు. పక్కపక్క స్టేషన్లలోని రెండు మిషన్లు కరెంటు తీగతో జతపడి ఉంటాయి. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుంటేనే ఇవతల బంతి బయటికొస్తుంది. అది చేతికొస్తేనే డ్రైవర్ రైలును ముందుకు తీసుకెళ్లాలి. ఆ బంతి మళ్లీ ఏదో ఒక మిషన్లో పడేదాకా రెండో బంతి రాదు. ఇలాంటి వస్తువులు కొనేముందు అవెలా పనిచేసేవో నేర్చుకోండి. ఢిల్లీలో చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియం చూడండి. మీ ఊళ్లో రిటైరైన స్టేషన్ మాస్టర్ ఉంటే ఇంకా మంచిది. ఓ సాయంత్రం ఆయన దగ్గర కూర్చోండి.

తర్వాత చూడాల్సింది బిల్లు. ఇక్కడ అశ్రద్ధ అస్సలు పనికిరాదు. 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ప్రకారం, దొంగ సొత్తని అనుమానం కలిగే రైల్వే వస్తువు మీ దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని మీరే రుజువు చేసుకోవాలి. లేకపోతే మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. రైల్వే తన తుక్కును ఈ-వేలంలో లాట్లుగా అమ్ముతుంది. అక్కడ కొన్న వ్యాపారి దగ్గర తీసుకోండి. మీ బిల్లుతో పాటు ఆయన వేలం కాగితం నకలు కూడా అడగండి. కాగితం లేదంటే, సిగ్నల్ దీపం ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. వందేళ్లు దాటిన పురావస్తువును విదేశాలకు పంపడం చట్టం ఒప్పుకోదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్ చేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక వస్తువు మీది అక్షరాలు చదవండి. 'ఎం అండ్ ఎస్ఎం' అని ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అంటే 1908కీ 1951కీ మధ్య చేసింది. 'ఎన్‌జీఎస్ఆర్' అంటే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. దాన్ని 1930లో నిజాం ప్రభుత్వం కొనేసింది. కొత్త ఇత్తడిని పాతదని అమ్మేవాళ్లూ ఉన్నారు. నిజంగా వాడిన దీపంలో లోపల మసి పట్టి ఉంటుంది, చెయ్యి పట్టేచోట పిడి అరిగి ఉంటుంది.

ఆ అక్షరాలే ఆ వస్తువుకు ప్రాణం. 1921 జనవరి 26న వేల్స్‌లోని అబర్‌మ్యూల్ స్టేషన్లో డ్రైవర్‌కు వేరే సెక్షన్ (రెండు స్టేషన్ల మధ్య దారి) టాబ్లెట్, అంటే బంతిలాగే టోకెన్‌గా వాడే బిళ్ల, ఇచ్చారు. దాని మీద ఏం రాసుందో ఎవరూ చూడలేదు. రెండు రైళ్లు ఢీకొని 17 మంది చనిపోయారు.

అందుకే ఇంట్లో బిందెలు తోమినట్టు చింతపండుతో తోమొద్దు. నేనొక ఇత్తడి తాళాన్ని అలాగే తళతళలాడించాను. దాని మీదున్న స్టేషన్ కోడ్ సగం పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. మెత్తని బ్రష్‌తో దుమ్ము తీసి, పొడిగుడ్డతో తుడిచి, పలచగా మైనం పూస్తే చాలు. సెమాఫోర్ రెక్క (పాత సిగ్నల్ స్తంభానికి ఉండే కదిలే చెయ్యి) మీది పాత పెయింట్‌ను గరుకు కాగితంతో గీకకండి. అందులో సీసం ఉండొచ్చు, ఆ ధూళి పీలిస్తే ప్రమాదం.

చివరగా ఒక నోటుబుక్ పెట్టండి. టోకెన్ ఏ రెండు స్టేషన్ల మధ్య తిరిగేదో, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారో అదే రోజు రాయండి. ఆ సెక్షన్లో పనిచేసిన పాయింట్స్‌మన్ (స్టేషన్లో పట్టాలు మార్చే ఉద్యోగి) ఎవరైనా కనిపిస్తే, కదిలే ఇంజిన్‌కు టోకెన్ ఉంచిన రింగ్ ఎలా అందించేవారో అడిగి ఫోన్లో రికార్డు చేసుకోండి.