పగడపు తొట్టె పెంపకం – 4వ పాఠం: వడపోతను ఎంచుకోవడం

గత పాఠంలో 60×36×36 సెంటీమీటర్ల తొట్టెలో పొడి రాళ్లు పేర్చి ఉప్పునీరు నింపాం. రాళ్లూ ఇసుకా పోగా అందులో సుమారు 65 లీటర్ల నీరుంటుంది. ఇప్పుడు దానికి ఎలాంటి వడపోత కావాలో తేల్చుకుందాం.

దుకాణానికి వెళ్లేముందే ఒక విషయం మనసులో నాటుకోవాలి. మీ తొట్టెకు అసలు ఫిల్టర్ ఆ రాళ్లే. చేపల విసర్జనల నుంచీ, మిగిలిపోయిన మేత నుంచీ అమోనియా పుడుతుంది. రాళ్లను అంటిపెట్టుకున్న బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ చేరని లోతైన రంధ్రాల్లో మరో రకం బాక్టీరియా కొంత నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చేస్తుంది. పొడి రాళ్లతో మొదలుపెడితే ఇదంతా కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. త్వరగా అవుతుందని చెప్పి ఎవరైనా సముద్రం నుంచి తీసిన పగడపు రాయిని అమ్మజూపితే తీసుకోకండి. గట్టి అస్థిపంజరం గల పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ రాయి ఉండవలసింది సముద్రంలోనే.

రాళ్లు పనిచేయాలంటే నీరు వాటి చుట్టూ కదులుతూ ఉండాలి. మెత్తని పగడాలకు గంటకు తొట్టె నీటికి 10 నుంచి 20 రెట్ల ప్రవాహం సరిపోతుంది. మన తొట్టెకు ఒక చిన్న వేవ్‌మేకర్, అంటే తొట్టె లోపల నీటిని కదిలించే పంపు, చాలు. కాబట్టి బయట బిగించే ఫిల్టర్ పెట్టెకు మిగిలే పని ఒక్కటే: వ్యర్థం కుళ్లకముందే దాన్ని నీటి నుంచి బయటికి తీయడం.

మంచినీటి చేపలు పెంచినవారు అలవాటుగా క్యానిస్టర్ ఫిల్టర్ వైపు, అంటే తొట్టె బయట గొట్టాలతో కలిపే మూసిన డబ్బా వైపు చూస్తారు. పగడాల తొట్టెకు నేను దాన్ని సూచించను. మూసిన డబ్బాలో చెత్త కళ్లకు కనబడదు, కనబడనిదాన్ని కడగడం వాయిదా పడుతుంది, ఆ చెత్త లోపలే కరిగి నైట్రేట్‌గా తిరిగి తొట్టెలోకి వస్తుంది. పైగా మన ఇళ్లలో కరెంటు పోతుంది. గంటల తరబడి ఆగిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి నీరు పాడవుతుంది. కరెంటు రాగానే ఆ నీరంతా పగడాల మీదికి వస్తుంది.

చిన్న తొట్టెకు హ్యాంగ్ ఆన్ ఫిల్టరే నయం. అద్దం అంచుకు తగిలించి, లోపల తెల్ల దూది పరచి, పక్కన చిన్న సంచిలో యాక్టివేటెడ్ కార్బన్ (మలినాలను పీల్చుకునే బొగ్గు) ఉంచండి. దూదిని 3 రోజులకొకసారి, కార్బన్‌ను నెలకొకసారి మార్చాలి. దూది మురికిపట్టిందంటే అది తన పని చేసినట్టే. దాన్ని అక్కడే వదిలేస్తే క్యానిస్టర్ కథే ఇక్కడా మొదలవుతుంది.

మరి ప్రొటీన్ స్కిమ్మర్? సన్నని గాలిబుడగలకు అంటుకునే సేంద్రియ పదార్థాన్ని నురుగుగా బయటికి తోసే పరికరమిది. సముద్రపు ఒడ్డున అలలు చిలికే నురుగు వెనక ఉన్నదీ ఈ ధర్మమే. అది మీకు అవసరమో కాదో లెక్క కట్టే చెప్పవచ్చు. ప్రతి ఆదివారం 10 శాతం నీరు మారుస్తారనుకోండి. మార్చిన వెంటనే ఒకసారి, మళ్లీ మార్చబోయే ముందు ఒకసారి నైట్రేట్ కొలవండి. వారంలో పెరిగినంతను 10తో గుణిస్తే, కొన్ని నెలల తర్వాత మీ తొట్టె చేరుకునే గరిష్ఠ స్థాయి వస్తుంది. వారానికి 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో 2 పాళ్లు) పెరిగితే అది 20 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే 20లో 10 శాతం తీసేస్తే పోయేది సరిగ్గా ఆ 2 పీపీఎమ్మే. కొత్త నీటిలో నైట్రేట్ లేనప్పుడే ఈ లెక్క చెల్లుతుంది.

నా అంచనాలో ఆ గరిష్ఠం 10 లోపు ఉంటే స్కిమ్మర్ అక్కర్లేదు. దాటితే ముందు మేత తగ్గించండి, చేపల సంఖ్య చూసుకోండి. అప్పటికీ దిగకపోతే కొనండి. నైట్రేట్‌ను సున్నాకు దించాలని మాత్రం ప్రయత్నించకండి. పగడాలకూ వాటిలో నివసించే శైవలాలకూ కొంత నత్రజని కావాలి. అది పూర్తిగా లేని తొట్టెల్లో పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల జిగురు రాళ్లను కప్పేస్తుంది.

తొట్టె కింద సంప్, అంటే గొట్టాలతో కలిపిన రెండో తొట్టె, పెట్టుకునే వీలుంటే మంచిదే, నీటి పరిమాణం పెరుగుతుంది. అయితే కరెంటు పోయినప్పుడు పై నీరు తిరుగు గొట్టం (సంప్ నుంచి నీటిని పైకి పంపేది) గుండా కిందికి జారుతుంది. మన తొట్టెలో ఒక సెంటీమీటరు మట్టం దిగితే 2.16 లీటర్లు పోయినట్టు. గొట్టం మూతి 3 సెంటీమీటర్ల లోతున ఉంటే దాదాపు ఆరున్నర లీటర్లు. సంప్‌లో ఎప్పుడూ అంతకు మించిన ఖాళీ ఉండాలి. ఒకవైపే తెరుచుకునే వాల్వును నమ్ముకోవద్దు, సున్నపు పొర పేరుకుంటే అది మూసుకోదు.

మిగిలిన డబ్బును బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు మీద పెట్టండి. 25 డిగ్రీల దగ్గర ఉప్పునీటిలో లీటరుకు 6.7 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ నిలవదు, అదే మంచినీటిలో 8 పైన ఉంటుంది. ప్రవాహం ఆగిన రాత్రి చేపలు బతకడానికి ఈ చిన్న పంపే ఆధారం.

ఈ వారం అభ్యాసం: తొట్టెలో ఇంకా ప్రాణులు లేవు కాబట్టి ఫిల్టర్ నడుస్తుండగా నీటి మట్టం దగ్గర అద్దం మీద గీత గీయండి. మెయిన్ స్విచ్ ఆపి పది నిమిషాలు ఆగండి. మట్టం ఎంత మారిందో రాసుకుని, తిరిగి స్విచ్ వేయండి. హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ తనంతట తానే నీరు అందుకుందా, లేక గాలి పట్టి ఊరికే గురగురలాడుతోందా గమనించండి. గాలి పడితే గీత కంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ నీరు నింపి మళ్లీ పరీక్షించండి.