బ్లేడుకి బంక పట్టకుండా కోత కోయడం

బ్యాండ్ సా (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం) మీద కోత వంకర పోతుంటే చాలామంది పళ్లు అరిగాయనుకుని వెంటనే బ్లేడు విప్పి సానకి పంపేస్తారు. ముందు మిషన్ ఆపి, చక్రాలు పూర్తిగా నిలిచాక, కరెంటు మెయిన్ కూడా తీసేసి బ్లేడు పక్కలు చూడండి. గోధుమ రంగు పొరలాగా బంక పట్టి, దాని మీద పొట్టు గట్టిపడి ఉంటే తప్పు పళ్లది కాదు. ఆ పొర చెక్కకి రాసుకుని బ్లేడు వేడెక్కుతుంది, వేడికి సాగుతుంది, టెన్షన్ (బ్లేడు బిగువు) తగ్గుతుంది, ఇక పలక అలలు అలలుగా వస్తుంది.

బంకలో రెండు రకాలున్నాయి, అది తెలియక నేను బోలెడు డీజిల్ తగలేశాను. తుమ్మ బంక, వేప బంక నీళ్లకి కరుగుతాయి, డీజిల్‌కి కరగవు. చిన్నప్పుడు తుమ్మ బంక నీళ్లలో నానబెట్టి కాగితాలు అంటించుకున్నవాళ్లం, అయినా మిల్లులో ఆ సంగతి తట్టలేదు! పైన్ జిగురు దీనికి పూర్తిగా రివర్సు, నీళ్లకి లొంగదు, డీజిల్ గానీ కిరోసిన్ గానీ కావాలి.

మామూలు కోతకి నీళ్ల డబ్బా చాలు. ఐదు లీటర్ల నీళ్లలో రెండు మూడు చెంచాలు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కలపండి, అప్పుడు నీళ్లు బ్లేడు మీంచి జారిపోకుండా పొరలా పరుచుకుంటాయి. డబ్బాని పైన కట్టి, సన్నటి పైపుకి చిన్న కుళాయి పెట్టి, బ్లేడు దుంగలోకి దిగే చోటికి కాస్త ముందు చుక్కలు వరసగా పడేలా చూడండి. ధార వదిలితే పొట్టు తడిసి ముద్దై పళ్ల సందుల్లో, చక్రాల మీద అంటుకుంటుంది, అదో కొత్త తలనొప్పి. తుమ్మ లాంటి వగరు చెక్క మీద నీళ్లు మరీ ఎక్కువైతే ఇనుము తగిలిన చోట నల్ల మరకలు కూడా పడతాయి.

పైన్‌కి మాత్రం డీజిల్‌లో తడిపిన ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) ముక్కని స్టాండుకి బిగించి బ్లేడు పక్కకి ఆనేలా పెట్టాలి. తడి తెలిస్తే చాలు, కారకూడదు. ఎక్కువైతే పలకకి మరకా వాసనా పడతాయి, చక్రాల మీద రబ్బరు బెల్టులుంటే ఉబ్బి పాడవుతాయి, పైగా డీజిల్ తడిసిన పొట్టు పోగు దగ్గర ఎవరైనా బీడీ వెలిగిస్తే ఇంక చెప్పక్కర్లేదు. తిరిగే బ్లేడుకి చేత్తో గుడ్డ పట్టుకుని రాసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి.

సానకి పంపేముందు బంక తుడవాల్సిందే, లేకపోతే సాన రాయికి జిగురు పట్టి సరిగా కోయదు. చేతికి గ్లౌజులేసుకుని తడిగుడ్డతోనో డీజిల్ గుడ్డతోనో, బంకని బట్టి తుడిచి, మొండికేస్తే ఇత్తడి బ్రష్ వాడండి.

సాయంత్రం ఆఖరి కోత అయ్యాక కుళాయి కట్టేసి కొన్ని సెకన్లు బ్లేడుని ఖాళీగా తిప్పితే తడి పోతుంది. ఆపాక పల్చగా నూనె పూసి టెన్షన్ వదిలేయండి, ఎందుకంటే వేడి మీద బిగించిన బ్లేడు రాత్రి చల్లబడి ఇంకా బిగుసుకుంటుంది.